జుబారా కోట, ఖర్జూర పానకం: ఖతర్‌లో ఒక రోజు ప్రయాణం

(దోహాలోని తెలుగువాళ్ల కోసం నడిచే రేడియోలో ఒక శుక్రవారం ప్రసారమైన ప్రసంగానికి అక్షర రూపం)

ఖతర్‌లో వింటున్నవాళ్లకి ఇది సెలవు రోజు మధ్యాహ్నం, భోజనాలయ్యాక కాస్త నడుం వాల్చే సమయం. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఇంటర్నెట్‌లో వింటున్నవాళ్లు మీకు ఏ వేళయిందో మీరే చూసుకోండి. ఈ రోజు మీతో ఒక ప్రయాణం గురించి మాట్లాడతాను. పెద్ద ప్రయాణమేం కాదు. పొద్దున బయల్దేరి సాయంత్రం దీపాల వేళకి ఇల్లు చేరేదే.

ముందు ఈ ఆలోచన ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాలి. మా చిన్నాన్న కొడుకు దక్షిణ కొరియాలో ఉద్యోగం చేస్తున్నాడు. వాడు ఒకసారి ఫోన్లో, "అక్కా, ఇక్కడ ఒక రోజు టూరుకి వెళ్లొచ్చాం. పొద్దున రెండు కొరియాల సరిహద్దు చూపించారు, మధ్యాహ్నం బియ్యంతో కల్లు ఎలా చేస్తారో చూపించి మాచేతే కలిపించారు. మీ ఖతర్‌లో మాల్స్ తప్ప ఇలాంటివి ఏమైనా ఉన్నాయా?" అని అడిగాడు. పైకి నవ్వేశాను గానీ మాట మనసులో ఉండిపోయింది. ఎందుకంటే ఉంది. అచ్చం అలాంటిదే ఉంది. అదే మీకు చెప్పబోతున్నాను.

కొరియా సంగతి నాలుగు ముక్కల్లో చెప్పి మన దారికొస్తాను. 1950లో మొదలైన యుద్ధం 1953 జులై 27న కాల్పుల విరమణతో ఆగింది. ఆగిందంతే, శాంతి ఒప్పందం మాత్రం ఇప్పటికీ లేదు. మధ్యలో నాలుగు కిలోమీటర్ల వెడల్పున, దాదాపు 250 కిలోమీటర్ల పొడవున ఎవరూ ఉండకూడని పట్టీ ఒకటి మిగిలింది. ఇక వాళ్ల బియ్యపు కల్లు పేరు మక్కొల్లి. తెల్లగా, కొంచెం చిక్కగా, పుల్లగా, అచ్చం మన కల్లు లాగే ఉంటుందట. యుద్ధం తర్వాత కొరియాలో తిండిగింజల కరువు ఎంతగా ఉండిందంటే, 1965లో అక్కడి ప్రభుత్వం బియ్యంతో మద్యం కాయడమే నిషేధించింది. అన్నానికే చాలని బియ్యం కుండలో పులియబెడితే ఎలా అని. పన్నెండేళ్లు జనం గోధుమపిండితో చేసిన మక్కొల్లితోనే సరిపెట్టుకున్నారు. 1977లో గానీ మళ్లీ బియ్యానికి అనుమతి రాలేదు. యుద్ధం ఎక్కడో సరిహద్దులో జరిగినా దాని దెబ్బ ఇంటి కుండదాకా వచ్చిందన్నమాట.

ఇప్పుడు ఖతర్‌కి వద్దాం. దోహానుంచి ఉత్తరంగా అల్ షమాల్ రోడ్డు పట్టుకుని, తర్వాత పడమటికి తిరిగితే సుమారు 105 కిలోమీటర్ల దూరంలో జుబారా వస్తుంది. కారులో గంటంపావు. దోహాలో పదేళ్లుగా ఉన్న తెలుగువాళ్లలో కూడా చాలామంది అక్కడికి వెళ్లి ఉండరు. నేనూ పధ్నాలుగేళ్లు వెళ్లలేదు. వెళ్లింది మా బాపు వల్ల.

మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. మేము ఇద్దరం అక్కచెల్లెళ్లం. నేను దోహాలో, మా చెల్లె బహ్రెయిన్‌లో మనామాలో. మ్యాపులో చూస్తే రెండూ పక్కపక్కనే. కానీ 2017 జూన్ 5న సౌదీ, యుఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు ఖతర్‌తో సంబంధాలు తెంచుకున్నాక ఆ పక్కపక్కనే అన్నది మ్యాపులోనే మిగిలింది. విమానాలు లేవు, పడవలు లేవు. ఖతర్‌కి ఉన్న ఒకే ఒక్క భూసరిహద్దు, సౌదీ వైపున్న అబూ సమ్రా, అదీ మూసేశారు. అంతకుముందు కారులో సౌదీ మీదుగా, సముద్రం మీది వంతెన దాటి మనామా వెళ్లొచ్చినవాళ్లం, మస్కట్ మీదుగానో కువైట్ మీదుగానో చుట్టు తిరగాల్సొచ్చింది. మరుసటేడు మా చెల్లె కాన్పుకి నేను వెళ్లలేకపోయాను. వీసా ఒకటి, చుట్టుదారి ఒకటి, పిల్లల బడి ఒకటి. పాపని ఫోన్లో చూశాను. ఎత్తుకునే నాటికి దానికి ఐదేళ్లు.

2021 జనవరిలో అల్ ఉలాలో ఒప్పందం జరిగి సౌదీ సరిహద్దు తెరిచారు. బహ్రెయిన్‌కి నేరుగా విమానాలు మాత్రం 2023 మే నెలాఖరులో గానీ మొదలు కాలేదు. 2024 జనవరిలో మా బాపు ముందు మనామాలో చెల్లె దగ్గర రెండు వారాలుండి, అక్కణ్ణుంచి దోహాకి నేరుగా వచ్చాడు. విమానం దిగి ఆయనన్న మొదటి మాట: "గింత దగ్గర ఉండంగ గన్ని దినాలు ఎందుకు తిప్పిన్రు బిడ్డా?"

దానికి జవాబు చెప్పాలంటే మూడు తరాల వెనక్కి వెళ్లాలి. అందుకే ఆ శుక్రవారం బాపుని, పిల్లల్ని తీసుకుని జుబారా బయల్దేరాం.

ముందుగా కనిపించేది కోట. మన గోల్కొండనీ వరంగల్‌నీ ఊహించుకుని వెళితే నిరాశ పడతారు. ఎడారి మధ్యలో ఒంటరిగా, నలుచదరంగా, ఇసుక రంగులో ఉంటుంది. మూడు మూలల్లో గుండ్రటి బురుజులు, నాలుగో మూల మాత్రం నలుచదరపు బురుజు. గోడలు మీటరు మందం. పగడపు రాయి, సున్నపురాయి, మట్టి అడుసు కలిపి కట్టారు. లోపలికి అడుగుపెట్టగానే చల్లగా ఉంటుంది. చూసినవాళ్లెవరైనా మూడు నాలుగు వందల ఏళ్ల నాటిదనుకుంటారు. కానీ కట్టింది 1938లో. అంటే మా తాత పుట్టాక కట్టిన కోట! విమానాలు ఎగిరే కాలంలో కోట కట్టడమేమిటని మీకు అనుమానం రావాలి. వస్తే సగం చరిత్ర అర్థమైనట్టే.

జుబారా ఊరు పద్దెనిమిదో శతాబ్దంలో, 1760ల ప్రాంతంలో, కువైట్ నుంచి వచ్చిన వర్తకులు కట్టుకున్న ఊరు. ముత్యాల వ్యాపారం, రేవు వ్యాపారం. చూస్తుండగానే గల్ఫ్ తీరంలో పెద్ద పట్టణమైంది. సముద్రం వైపు తప్ప మిగతా మూడు వైపులా రెండున్నర కిలోమీటర్ల గోడ, బురుజులు, లోపల దాదాపు 60 హెక్టార్ల ఊరు. ఆ వర్తకుల్లో ముఖ్యులు అల్ ఖలీఫా వంశంవాళ్లు. 1783లో వాళ్లు బహ్రెయిన్‌ని గెలిచి అక్కడ పాలకులయ్యారు. ఇప్పటికీ బహ్రెయిన్ రాజకుటుంబం వాళ్లదే. 1811లో మస్కట్ సుల్తాను సేనలు జుబారాని తగలబెట్టాయి. తర్వాత కొంతమంది తిరిగొచ్చి చిన్నగా కట్టుకున్నారు గానీ పాత వైభవం రాలేదు. 1900ల మొదట్లో ఊరు పూర్తిగా ఖాళీ అయింది. ఇసుక కప్పేసింది.

ఇక్కడే తిరకాసు. "మా తాతముత్తాతల ఊరు, మాదే" అని బహ్రెయిన్. "మా నేల మీద ఉంది, మాదే" అని ఖతర్. చాలాకాలం ఇది పట్టింపుల తగాదాగానే సాగింది. ఎడారిలో ఎవరి మంద ఎక్కడ మేస్తే ఏం? కానీ 1935లో ఖతర్ పాలకుడు చమురు వెతుక్కునే హక్కుని బ్రిటిష్ కంపెనీకి రాసిచ్చాడు. ఆ కాగితం మీద సంతకం పడ్డాక ఇసుకలో ప్రతి జానెడూ ఎవరిదో తేల్చుకోవాల్సొచ్చింది. 1937లో జుబారా చుట్టుపక్కల ఉండే నయీం తెగలో బహ్రెయిన్‌ని నమ్ముకున్నవాళ్లకీ ఖతర్‌కీ కొట్లాట జరిగింది. ఖతర్ గెలిచింది. ఓడినవాళ్లలో చాలామంది ఇల్లూ వాకిలీ వదిలి బహ్రెయిన్ వెళ్లిపోయారు. కోపంతో బహ్రెయిన్ ఖతర్‌కి రాకపోకలు, వ్యాపారం బంద్ పెట్టింది. మరుసటేడే షేక్ అబ్దుల్లా బిన్ జాసిమ్ అల్ థానీ ఈ కోట కట్టించి కావలి పెట్టాడు. ఇది రాజుల కోట కాదు, సరిహద్దు ఠాణా. 1980ల దాకా ఇందులో సిపాయిలుండేవాళ్లు. తర్వాతే బాగుచేసి సందర్శకులకి తెరిచారు.

1937లోనూ రాకపోకలు బంద్ పెట్టారని నేను చెబుతుంటే మా బాపు కోట మెట్ల మీద కూర్చుని విన్నాడు. "అయితె గిది కొత్తది గాదన్నట్టు," అన్నాడు. కాదు. మా చెల్లె పాపని ఐదేళ్లు ఎత్తుకోలేకపోయిన నేను కొత్తదాన్నేం కాదు. ఆ కాలంలో ఆ తెగలో అక్క ఇక్కడ, చెల్లె అక్కడ అయిపోయిన ఇళ్లు ఎన్నో ఉండి ఉంటాయి.

తగాదా చివరికి ఎలా తీరిందో పిల్లలకి తప్పక చెప్పండి. ఇదొక మంచి పాఠం. పక్కనే హవార్ అని దీవులున్నాయి. ఖతర్ పడమటి తీరానికి కూతవేటు దూరంలో ఉంటాయి. 1939లో బ్రిటిష్ వాళ్లు అవి బహ్రెయిన్‌వే అని తీర్పిచ్చారు. ఖతర్ ఒప్పుకోలేదు. 1986లో ఒక ఇసుకతిన్నె దగ్గర ఇరుపక్షాల సైన్యాలదాకా వచ్చింది. 1991లో ఖతర్ హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. మధ్యలో ఒక ఇబ్బంది. ఖతర్ పెట్టిన కాగితాల్లో 82 దొంగ కాగితాలని బహ్రెయిన్ అభ్యంతరం చెప్పింది. వాటిని లెక్కలోకి తీసుకోవద్దని ఖతరే కోర్టుకి చెప్పేసి మిగతా ఆధారాలతో వాదించింది. 2001 మార్చి 16న తీర్పు వచ్చింది. జుబారా ఖతర్‌దని న్యాయమూర్తులంతా ఏకగ్రీవంగా అన్నారు. హవార్ బహ్రెయిన్‌దని పన్నెండు మంది ఒకవైపు, ఐదుగురు ఒకవైపు. చెరొకటి. ఇద్దరూ తీర్పుని గౌరవించారు. తుపాకుల దాకా వెళ్లిన గొడవ కాగితం మీద తెగింది. మన ఊళ్లలో గట్టు తగాదాలు ఎన్నేళ్లు నడుస్తాయో మనకు తెలుసు కదా.

అదంతా విని మా బాపు ఒక మాటన్నాడు. "చెట్టును గీస్తె కల్లొస్తది. భూమిని గీస్తె ఏమొచ్చింది బిడ్డా?" "చమురొచ్చింది బాపూ," అన్నాను. అందరం నవ్వాం. అప్పుడు మా పెద్దమ్మాయి, పదకొండేళ్లు దానికి, "చెట్టును గీయడమేంటి తాతా?" అని అడిగింది.

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మా బాపు నలభై ఏళ్లు కల్లు గీశాడు. మేం గౌండ్లవాళ్లం. మోకు, ముస్తాదు, కత్తి, లొట్టి, ఇవే మమ్మల్నిద్దర్నీ చదివించాయి. కానీ పిల్లల బడిలో తాతల వృత్తి రాయమన్నప్పుడు నేను 'వ్యవసాయం' అని రాయించాను. ఈ దేశంలో మద్యమంటే ఏమనుకుంటారో అని కొంత. తోటివాళ్లు చిన్నచూపు చూస్తారేమోనని ఎక్కువ. "అమ్మా, తాత ఫార్మర్ అన్నావుగా?" అంది పిల్ల తెలుగులోనే, తాత ముందే. బాపు నా వైపు చూడలేదు. లేచి పంచె దులుపుకుని, "పాండ్రి, ఊరు చూద్దాం" అన్నాడు.

పాత ఊరు కోటకి పడమరగా సముద్రం ఒడ్డున ఉంది. 2009 నుంచి ఖతర్ మ్యూజియమ్స్ వాళ్లు డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయంతో కలిసి పెద్దఎత్తున తవ్వకాలు చేశారు. 2013లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఖతర్‌కి అదే మొదటిది. ఇసుక కప్పేయడమే మేలైంది. ఒక ముత్యాల పట్టణం వీధులతో, ఇళ్లతో, బజారుతో, మసీదుతో ఉన్నదున్నట్టు మిగిలింది. తవ్వింది చాలా కొంచెమే. మొండిగోడల మధ్య నడుస్తుంటే మీకు ఒక వింత గది కనిపిస్తుంది. నేల నున్నగా గచ్చు చేసి, దాని మీద ఒక పక్కనుంచి ఇంకో పక్కకి వరసగా గట్లు, గట్ల మధ్య కాలువలు. మన పొలంలో మిరప సాళ్లు ఉన్నట్టు. కాలువలన్నీ కిందికి వాలి ఒక కాలువలో కలుస్తాయి. అది మూలన పాతిన జాడీ దగ్గరికి చేరుతుంది.

నేనైతే స్నానాలగది అనుకున్నాను. మా బాపు గొంతుక్కూచుని వేలితో వాలు చూపించి, "గిది నీళ్లది గాదు బిడ్డా. చిక్కటి రసమేదో కారనీకి చేసిన్రు" అన్నాడు. నిజమే. అక్కడి బోర్డు చదివితే తెలిసింది. దాని పేరు మద్బసా. ఖర్జూర పానకం తీసే గది. ఆ పానకాన్ని అరబ్బులు దిబ్స్ అంటారు.

ఎలా తీసేవారో చెబుతాను. బాగా పండిన ఖర్జూరాన్ని ఈతాకు చాపల్లాంటి ఆకు సంచుల్లో కుక్కేవాళ్లు. ఆ సంచుల్ని ఈ గట్ల మీద ఒకదాని మీద ఒకటి గది నిండా పేర్చేవాళ్లు. తలుపు మూసేవాళ్లు. అంతే. మంట లేదు, గానుగ లేదు. పై సంచుల బరువు కింది సంచుల మీద పడుతుంది, గదిలో ఎండ వేడిమి పండుని మెత్తబరుస్తుంది. వారాల తరబడి చుక్కచుక్కగా పానకం కాలువల్లోకి దిగి జాడీకి చేరుతుంది. మిగిలిన పండూ వృథా కాదు, తినడానికే. ముత్యాల కోసం మునిగేవాళ్లు ఎండాకాలమంతా నెలల తరబడి సముద్రం మీదే ఉండేవాళ్లు. పగలు కడుపు నిండా తింటే మునగలేరు. కాఫీ, కాసిని ఖర్జూరాలతో సరిపెట్టుకుని, రాత్రికి అన్నం, చేప తినేవాళ్లట. చెడిపోకుండా నిలవుండే తీపి వాళ్లకి ప్రాణంతో సమానం. ఆ ముత్యాలే సూరత్, బొంబాయి మీదుగా మన హైదరాబాదు దాకా వచ్చాయి. బస్రా ముత్యాలని మనం పిలుచుకునేవి బస్రాలో పుట్టినవి కావు, ఈ గల్ఫ్ నీళ్లలో దొరికినవే.

పిల్లలు అడిగారు, కల్లు పులుస్తుంది కదా, పానకం ఎందుకు పులవదు అని. ఇది మా బాపుకి అనుభవంతో తెలుసు, నేను చదివినదానితో కలిపి చెబుతాను. పులియబెట్టేది ఈస్టు, కంటికి కనిపించని జీవి. దానికి చక్కెర కావాలి, నీళ్లూ కావాలి. ఈత చెట్టు పైభాగాన కత్తితో గీస్తే ఊరే రసంలో నూటికి పది పన్నెండు పాళ్లు చక్కెర, మిగతాదంతా నీళ్లే. తెల్లవారకముందు దింపితే తియ్యటి నీరా. గాలిలోని, లొట్టిలోని ఈస్టు పట్టుకుని పొద్దెక్కేసరికి నురగ కడుతుంది, మధ్యాహ్నానికి కల్లు, మర్నాటికి పులుపెక్కిపోతుంది. నీరాగానే ఉంచాలంటే లొట్టి లోపల సున్నం పూయాలి. కాచితే బెల్లమవుతుంది. దిబ్స్ సంగతి వేరు. అందులో చక్కెర నూటికి డెబ్బై పాళ్ల పైమాటే. అంత చిక్కటి తీపిలో ఈస్టుకి బతకడానికి నీళ్లు దొరకవు. అందుకే తేనెలాగ నిలవ ఉంటుంది. నీళ్లు కలిపి వదిలేస్తే మాత్రం పులుస్తుంది. మరి కొరియావాళ్ల బియ్యంలో అసలు చక్కెరే లేదు, పిండిపదార్థం ఉంది. ముందు దాన్ని చక్కెరగా మార్చాలి. అందుకు వాళ్లు గోధుమని ముద్దలు చేసి బూజు పట్టించి నురుక్ అనే మందు తయారుచేసుకుంటారు. ఉడికించిన బియ్యం, నురుక్, నీళ్లు కుండలో కలిపితే బూజు పిండిని చక్కెర చేస్తుంది, ఈస్టు ఆ చక్కెరని పులియబెడుతుంది. మూడు దేశాలు, మూడు పద్ధతులు, చెప్పేది ఒకటే శాస్త్రం.

తిరుగు ప్రయాణంలో దారి పక్కన ఒక తోట దగ్గర ఆగాం. చలికాలం కాబట్టి చెట్ల మీద పండు లేదు. ఒకతను నడుముకీ చెట్టుకీ కలిపి తాడు చుట్టుకుని పైకెక్కి ఎండుమట్టలు కొడుతున్నాడు. మా బాపు కారు దిగి, చెట్టు కింద నిలబడి, నోరు తెరుచుకుని చూశాడు. "మోకు బిడ్డా, మోకు!" ఈత, ఖర్జూరం ఒకే కుటుంబం చెట్లని అందరికీ తెలిసిందే. శాస్త్రంలో రెంటికీ ఇంటిపేరు ఒకటే, ఫీనిక్స్. "మన ఈదుకు అక్కసెల్లెండ్లు" అన్నాడు బాపు. మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు అవడం కూడా రెంటికీ ఒకటే. ఖర్జూరానికైతే ఫిబ్రవరి, మార్చి నెలల్లో మగపూల రెమ్మలు తెచ్చి ఆడచెట్టు గెలల్లో చేత్తో కడతారు. గాలికి వదిలేస్తే కాపు చాలదు.

చెట్టు మీదివాడు దిగాడు. బంగ్లాదేశ్ వాడు, జెస్సోర్ జిల్లా. బాపుకి తెలుగు తప్ప రాదు, అతనికి బెంగాలీ, కొంచెం హిందీ. బాపు చేత్తో గీసినట్టు చూపించి, లొట్టి కట్టినట్టు చూపించి, తాగినట్టు చూపించాడు. అతని మొహం వెలిగిపోయింది. "ఖేజూర్ రస్!" అన్నాడు. వాళ్ల జిల్లా ఈతబెల్లానికి పేరుమోసిందట, వాళ్ల నాన్న చలికాలం చెట్లు గీసేవాడట. ఇద్దరూ ఒకరి అరచేతులు ఒకరు చూసుకున్నారు, మోకు పట్టి కాయలు కాసిన చోట్లు. నేను మధ్యలో అనువాదానికి నిలబడ్డాను గానీ నాతో పని పడలేదు. "గీడ ఎందుకు గీయరు?" అని బాపు అడిగితే అతనే చేతులతో చెప్పాడు: గీస్తే చెట్టుకి దెబ్బ, పండు రాదు. ఇక్కడ చెట్టుని పెంచేదే పండు కోసం. ట్యునీషియా, లిబియాల్లో ఖర్జూర చెట్టుని గీసి లగ్మీ అని తాగుతారు గానీ గల్ఫ్‌లో ఆ అలవాటు లేదు.

కారులోకి వచ్చాక మా అమ్మాయి తాత చెయ్యి తీసుకుని ఆ కాయలు తడిమి చూసింది. "ఎంత ఎత్తు ఎక్కేవాడివి తాతా?" అంది. దోహా వచ్చేదాకా ఆయన చెబుతూనే ఉన్నాడు. ఏ చెట్టు ఎన్ని లొట్లు ఇచ్చేది, వానకి తడిసిన తాడిచెట్టు ఎంత జారేది, తోటివాళ్లలో ఎవరు పడ్డారు, ఎవరు లేవలేదు. అందులో సగం నాకూ కొత్తే. నేనెప్పుడూ అడగలేదు మరి. ఆ రాత్రి పిల్ల పుస్తకం తీసి 'వ్యవసాయం' కొట్టేసి, నన్నడిగి అక్షరం అక్షరం కూడబలుక్కుని 'కల్లు గీత' అని రాసుకుంది. పక్కన ఒక చెట్టు బొమ్మ వేసి, చెట్టుకి మోకు కూడా వేసింది. బాపు చూశాడు. "మోకు ఇంకొంచెం కిందికుండాలె," అన్నాడు.

ఇక వెళ్లాలనుకునేవాళ్లకి నాలుగు మాటలు. నవంబరు నుంచి మార్చి మధ్యలో వెళ్లండి, ఎండాకాలం వద్దు. కోట దగ్గర తప్ప నీడ లేదు కాబట్టి నీళ్లు, టోపీ, తిండి వెంట తీసుకెళ్లండి. కోట తెరిచే వేళలు ముందే కనుక్కోండి, శుక్రవారం వేళలు వేరుగా ఉండొచ్చు. శిథిలాల్లో గుర్తుపెట్టిన దారి దాటి నడవొద్దు, గోడలెక్కొద్దు. రెండొందల ఏళ్లు ఇసుక కాపాడినదాన్ని మనం ఒక్క ఫోటో కోసం పాడుచేయకూడదు. కొత్త ఖర్జూరం చూడాలంటే మాత్రం జులైలో సూక్ వాకిఫ్‌లో జరిగే ఖర్జూరాల సంతకి వెళ్లండి. ఖలాస్, ఖునైజీ, షీషీ, బర్హీ అన్ని రకాలూ రుచి చూడొచ్చు. ఇంకొకటి, ఇది హాస్యానికి కాదు: ఇక్కడి చట్టం మద్యం విషయంలో చాలా గట్టిది. కొరియా టూరు విన్నామని ఇంట్లో కుండ పెట్టకండి.

పానకం మాత్రం నిక్షేపంగా పెట్టొచ్చు. కిలో మెత్తటి ఖర్జూరం గింజలు తీసి, లీటరున్నర వేడినీళ్లలో పోసి, సన్నటి సెగ మీద అరగంట ఉడికించండి. చల్లారాక పలచటి గుడ్డలో వేసి గట్టిగా పిండండి. వచ్చిన రసాన్ని మళ్లీ సన్నసెగ మీద, గరిటెకి అంటుకునేదాకా మరగనివ్వండి. చల్లారితే ఇంకా చిక్కబడుతుంది. సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. అరబ్బులు నువ్వుల ముద్దతో కలిపి రొట్టెకి నంజుకుంటారు. మా ఇంట్లో దోసెలోకి, రాగిజావలోకి వాడతాం. బాపు వెళ్లేటప్పుడు రెండు సీసాలు కట్టించుకున్నాడు, ఒకటి ఊళ్లో తన తోటి గీత కార్మికులకి రుచి చూపించడానికి. రెండోది చెల్లెకట. తిరుగు ప్రయాణం మనామా మీదుగానే పెట్టుకున్నాడు. గంట కూడా పట్టలేదు, విమానం ఎక్కి దిగడమే.

మా తమ్ముడికి కూడా ఇదంతా ఫోన్లో చెప్పాను. ఈసారి సెలవులకి కొరియా నుంచి దోహా మీదుగా వస్తానన్నాడు. మీరూ వెళ్లండి, వీలైతే మీ అమ్మానాన్నలు వచ్చినప్పుడు వెళ్లండి. కోట దగ్గర కాసేపు కూర్చుని వాళ్ల పని గురించి అడగండి.